‘టాలీ అయింది’ అంటే ఎవరు చేసినట్టు?

నేను మొదటిసారి ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లింది ఉద్యోగం వచ్చిన ఐదేళ్లకు. వినడానికి తిరకాసుగా ఉంటుంది కానీ బ్యాంకు క్లర్కుల్లో నాలాంటివాళ్లు బోలెడుమంది ఉన్నారు. చిన్న ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు ఎందుకని 2015 ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధాని అడిగారు. 2016 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వంలో కింది స్థాయి పోస్టులకు ఇంటర్వ్యూ ఎత్తేశారు. బ్యాంకు క్లర్కుల నియామకంలోనూ ఆ తంతు పోయింది. నేను 2017లో చేరాను. ప్రిలిమ్స్ రాశాను, మెయిన్స్ రాశాను, లిస్టులో నంబరు కనబడింది, గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊరి బ్రాంచ్‌లో క్యాష్ కౌంటర్‌లో కూర్చున్నాను. ‘మీ గురించి చెప్పండి’ అని నన్ను ఎవరూ అడగలేదు.

అడిగింది 2022లో, ఆఫీసర్ ప్రమోషన్ ఇంటర్వ్యూలో. ఆ ఏడాది నాకు రాలేదు.

రాకపోవడానికి చదవకపోవడం కారణం కాదు. చదివాను, ఇంకా చెప్పాలంటే అదొక్కటే చేశాను. ప్రమోషన్ నోటిఫికేషన్ వచ్చిన రోజు సాయంత్రానికే వాట్సాప్ గ్రూపుల్లో పీడీఎఫ్‌లు వాన కురిసినట్టు కురుస్తాయి. ఒకదాంట్లో నాలుగు వందల పైచిలుకు పేజీలు. 1969 జులై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ, 1980లో మరో ఆరు. చెక్కు చెల్లుబాటు మూడు నెలలు. డిపాజిట్ ఇన్సూరెన్స్ 5 లక్షలు. వాయిదా మీరిన 30 రోజుల దాకా ఎస్‌ఎంఏ, అంటే కనిపెట్టి చూడాల్సిన ఖాతా, సున్నా, 60 దాకా ఒకటి, 90 దాకా రెండు, ఆ తర్వాత ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. బాకీ కట్టకపోతే తాకట్టు ఆస్తి స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం 2002, దాని కింద 13(2) నోటీసు, 60 రోజుల గడువు. ప్రాధాన్య రంగానికి 40 శాతం, అందులో వ్యవసాయానికి 18. పొద్దున పాపకు జడ వేస్తూ కూడా ఇవి గొణుక్కునేదాన్ని. అది ‘సర్ఫేసీ’ అనే మాట నేర్చుకుని స్కూల్లో వాళ్ల టీచర్‌కి చెప్పింది కూడా.

ప్యానెల్‌లో ముగ్గురు కూర్చున్నారు. మొదటి రెండు ప్రశ్నలు నేను చదివినవే వచ్చాయి, గడగడా చెప్పాను. మధ్యలో కూర్చున్నాయన కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టి, ‘మీ బ్రాంచ్ కాసా ఎంత?’ అన్నారు. అంటే మొత్తం డిపాజిట్లలో కరెంటు, సేవింగ్స్ ఖాతాల వాటా. రిజర్వ్ బ్యాంకు రెపో రేటు నాకు తెలుసు. నేను రోజూ పొద్దున తొమ్మిదిన్నరకి షట్టర్ కింద నుంచి వంగి లోపలికెళ్లే బ్రాంచ్ సంగతి నాకు తెలియదు. ఆయనేమీ అనలేదు. ‘పోనీ, ఈ ఐదేళ్లలో మీరు చేసిన మంచి పని ఒకటి చెప్పండి’ అన్నారు.

నేను ఇంగ్లిష్‌లో చెప్పిన జవాబుకు తెలుగు ఇది: ‘సార్, ఇన్‌స్పెక్షన్‌కి ముందు మా బ్రాంచ్‌లో పంట రుణాల డాక్యుమెంట్లన్నీ రెన్యూ అయ్యాయి.’

‘అందులో మీరేం చేశారు?’

‘మేమంతా టీమ్‌గా పనిచేశాం సార్.’

‘సరే. థాంక్యూ.’

నిజానికి ఆ పని నేను చేసిందే, అక్కడే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. తీసుకున్న అప్పు మీద బ్యాంకు కోర్టుకెళ్లాలంటే మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది. దాన్ని మేం లిమిటేషన్ అంటాం. ఆ గడువు దాటకముందే ‘నేను ఇంత బాకీ ఉన్నాను’ అని రైతు సంతకం పెడితే, ఆ రోజు నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. దాటిపోయాక పెట్టించుకున్న సంతకానికి ఆ బలం ఉండదు. 2021లో ఒక మధ్యాహ్నం సర్వర్ డౌన్ అయి ఊరికే కూర్చున్నప్పుడు నేను పాత ఫైళ్లు తిరగేస్తుంటే గడువు దగ్గరపడిన ఖాతాలు వరసగా కనబడ్డాయి. లెక్కపెడితే 63. ఆ వారమంతా లిస్టు రాశాను. ఊళ్లవారీగా విడదీశాను. మిరప కోతల రోజులు కావడంతో పగలు ఎవరూ దొరికేవాళ్లు కాదు. రెండు ఆదివారాలు మా ఆయన బండి మీద వెనక కూర్చుని, ఫైలు ఒళ్లో పెట్టుకుని, చేల గట్ల మీద సంతకాలు పెట్టించుకొచ్చాను. 58 వచ్చాయి. మిగిలిన ఐదుగురిలో ఇద్దరు చనిపోయారు, ముగ్గురు ఊళ్లో లేరు.

ఇదంతా కలిసి ప్యానెల్ ముందుకొచ్చేసరికి ‘డాక్యుమెంట్లు రెన్యూ అయ్యాయి’ అయింది. వాటంతట అవే అయినట్టు!

ఇంటికొచ్చాక చాలా రోజులు ఆ వాక్యాన్ని మనసులో తిప్పుకున్నాను. మా బ్రాంచ్‌లో మాట్లాడుకునే తీరు అదే అని అప్పుడు గమనించాను. క్యాష్ టాలీ అయింది. ఎంట్రీ పడింది. లోను రికవర్ అయింది. డే ఎండ్ అయిపోయింది. కస్టమర్ గొడవ సర్దుకుంది. పొద్దున్నుంచి రాత్రి దాకా పనులన్నీ ‘అవుతూ’ ఉంటాయి, ఎవరూ ఏమీ ‘చేయరు’. ఇంగ్లిష్‌కి వచ్చేసరికి స్కూల్లో నేర్పిన పాసివ్ వాయిస్ దీనికి చక్కగా అతుకుతుంది. టాలీ అయింది అంటే, రాత్రి ఏడున్నరకి రెండు వందల రూపాయల తేడా కోసం మొత్తం వోచర్లు మళ్లీ మొదటి నుంచి చూసిన మనిషి ఒకరుండాలి కదా. ఆ మనిషి వాక్యంలో ఉండదు. నష్టం జరిగినప్పుడు మాత్రం వాక్యంలోకి వెంటనే వస్తుంది: ‘షార్టేజ్ ఎవరిది?’

మేము, మనం అని రెండు మాటలున్న భాష మనది. ఎదుటివాణ్ని కలుపుకుంటే మనం, బయట పెడితే మేము. ఇంత వివరంగా చూసే భాషలో పుట్టి, ‘నేను’ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు నోరు పెగలదు?

పెంపకం అలాంటిది మరి. భారతంలో కర్ణపర్వం ఘట్టం మా నాన్న చెప్పేవారు. గాండీవం ఇంకెవరికైనా ఇచ్చేయమని ధర్మరాజు అర్జునుణ్ని ఎత్తిపొడుస్తాడు. అలా అన్నవాణ్ని చంపుతానని అర్జునుడికి ప్రతిజ్ఞ. అన్నగారిని చంపకుండా మాట నిలబెట్టుకోవడం ఎలా అంటే, పెద్దవాణ్ని ఏకవచనంతో తిట్టు, చంపినట్టే అంటాడు కృష్ణుడు. తిట్టేశాక అర్జునుడికి సిగ్గేసి చచ్చిపోతానని కత్తి దూస్తాడు. దానికీ ఉపాయం ఉంది: నిన్ను నువ్వు పొగుడుకో, అది ఆత్మహత్యతో సమానం. నాన్న ఇక్కడ ఆపేసేవారు, నీతి అక్కడికి పూర్తయింది కాబట్టి. కానీ కథ ఆ తర్వాత కూడా ఉంది. అర్జునుడు నిజంగానే పొగుడుకుంటాడు, ఎవరెవరిని గెలిచాడో వరసగా చెప్పుకుంటాడు. ఆ తర్వాత బతికే ఉండి యుద్ధానికి వెళ్తాడు.

ఆత్మస్తుతి వేరు, హాజరు చెప్పడం వేరు అని నా వాదన. ‘నేను చాలా కష్టపడి పనిచేస్తాను సార్’ అంటే స్తుతి. ‘63 ఖాతాలు గుర్తించాను, 58 సంతకాలు తెచ్చాను, ఐదు తేలేకపోయాను’ అంటే హాజరు. మొదటిది కోచింగ్ సెంటర్లు నేర్పుతాయి. రెండోది ఎవరూ నేర్పలేరు, ఎందుకంటే ఆ 63 వాళ్ల దగ్గర లేవు.

అందుకే బయటి ఇంటర్వ్యూకి తయారైనట్టు లోపలి ప్రమోషన్ ఇంటర్వ్యూకి తయారవడం శుద్ధ దండగ అంటాను. బయటివాళ్లకు మనమెవరో తెలియదు, పనితనం చూసే దారి లేదు, కాబట్టి పుస్తకం అడుగుతారు. లోపలివాళ్ల ముందు మన అప్రైజల్ కాగితాలు ఉంటాయి. మా దగ్గర రాతపరీక్ష కూడా ముందే అయిపోతుంది. చట్టాలూ శాతాలూ అక్కడే తేలిపోతాయి. ఇంటర్వ్యూ గదిలో మళ్లీ అవే అప్పజెప్పడానికి వెళ్లేవాళ్లం, పెళ్లి అయిపోయాక శుభలేఖ పంచినట్టు. చదవద్దని అనడం లేదు. రాతపరీక్ష దాటడానికి ఆ పీడీఎఫ్‌లు కావాలి, నాకూ పనికొచ్చాయి. కానీ మనం వాటిని వదలకుండా పట్టుకోవడానికి అసలు కారణం వేరే ఉందనుకుంటున్నాను. నాలుగు వందల పేజీలు చదవడం తేలిక. ఒక తెల్లకాగితం ముందు కూర్చుని ‘ఈ ఐదేళ్లలో నేనేం చేశాను’ అని రాసుకోవడం భయం. ఏమీ లేదని తేలితే?

2024 నోటిఫికేషన్ వచ్చేనాటికి నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. పాప పాత రూళ్ల పుస్తకం, సగం వాడినది. ఒక్కో పేజీలో ఒక్కో సంగతి. తేదీ, ఏం జరిగింది, నేనేం చేశాను, చివరికి ఏమైంది. మొదట్లో మూడు పేజీలు దాటలేదు. తర్వాత ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. డ్వాక్రా గ్రూపులో లీడర్ మారినా పాత లీడర్ సంతకంతోనే డబ్బులు తీయబోతే ఆపడం. రెండేళ్లు కదలక ఇనాపరేటివ్‌లో పడిన ఖాతాల్లో వితంతు పింఛన్లు ఇరుక్కుంటే, కేవైసీ కాగితాలు తీసుకుని ఒక్కొక్కటీ తెరిపించడం. చిన్నవే. పెద్దవి చేసే అధికారం క్లర్కుకి ఎక్కడుంది?

తప్పులకూ పేజీలు పెట్టాను. ప్యానెల్ అడిగేదాంట్లో ఇదొకటి తప్పకుండా ఉంటుంది, మా వాట్సాప్ గ్రూపుల్లో దీనికొక రెడీమేడ్ జవాబు కూడా తిరుగుతుంది: ‘ప్రతిదీ పర్‌ఫెక్ట్‌గా ఉండాలనుకోవడమే నా బలహీనత.’ దయచేసి చెప్పకండి. అవతల కూర్చున్నవాళ్లు ఆ రోజు పొద్దుటి నుంచి దాన్ని ఎనిమిదోసారి వింటుంటారు. నా తప్పు 2019లో జరిగింది. జనవరి, సంక్రాంతి ముందు రోజుల రద్దీ. 200 నోట్లు 50 ఇవ్వాల్సిన చోట 500 నోట్లు 50 ఇచ్చేశాను. పదివేలకు పాతికవేలు. సాయంత్రం ఎవరికిచ్చానో తేలింది, ఫోన్ చేస్తే తనకు సరిగ్గానే వచ్చాయన్నాడు. కెమెరాలో కట్ట రంగు తేలలేదు. పదిహేను వేలు నేనే కట్టాను. అప్పటి నుంచి ఏ కట్ట చేతికిచ్చినా నోటు విలువ పైకి చదివి, కస్టమర్ చేత అనిపించి ఇస్తాను. మా కౌంటర్‌లో కొత్తగా చేరిన ఇద్దరికి కూడా అదే అలవాటైంది. రెండో ఇంటర్వ్యూలో ఇది చెప్పినప్పుడు చివరి కుర్చీలో కూర్చున్న ఆవిడ, ‘నాది ఎనిమిది వేలు’ అన్నారు. ఆవిడ ఏ ఏడాదిలో పోగొట్టుకున్నారో అడిగే ధైర్యం రాలేదు.

భాష గురించి ఒక మాట. మా ఇంటర్వ్యూ ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ ఇవ్వచ్చు. తెలుగు కుదరదు. నేను రోజుకు వందమందితో మాట్లాడేది తెలుగే. అడంగల్ చూపించమనేదీ, బంగారం తాకట్టు మీద వడ్డీ ఎందుకు పెరిగిందో చెప్పేదీ, కొడుకు ఏటీఎం కార్డు ఎత్తుకుపోయాడని ఏడ్చే పెద్దాయనను కూర్చోబెట్టేదీ తెలుగులోనే. నా పనితనమంతా ఉన్న భాషకు అక్కడ మార్కులు లేవు. ఇది అన్యాయం అంటాను, ఇంకెవరైనా కాదంటే వాదిస్తాను. కానీ అన్యాయమని ఊరుకుంటే ప్రమోషన్ రాదు గనక ఒక పని చేశాను. నోట్‌బుక్ మొత్తం తెలుగులో రాసుకున్నాక, రాత్రి అంట్లు తోముతూ ఒక్కో పేజీ ఇంగ్లిష్‌లో పైకి చెప్పుకున్నాను. బట్టీ పట్టలేదు. రోజుకోలా వచ్చేది, రానిచ్చాను. ముందు ఇంగ్లిష్‌లో ఆలోచించి రాసుకున్నవాళ్లు ఎక్కువ ఇరుక్కుపోవడం చూశాను. వాళ్లకు వాక్యం గుర్తుంటుంది, సంగతి గుర్తుండదు. వాక్యం తెగితే ఇక అంతే.

ఇక ట్రాన్స్‌ఫర్. క్లర్కుగా ఉన్నంతకాలం ఇంటికి మరీ దూరం వెయ్యరు. ఆఫీసరైతే దేశంలో ఎక్కడైనా. మా బ్రాంచ్‌లోనే నాకంటే బాగా పనిచేసే ఒక అక్క పదకొండేళ్లుగా ప్రమోషన్‌కి అప్లై చెయ్యలేదు, అడిగితే ‘నాకెందుకమ్మా ఆ గోల’ అంటుంది. గోల అంటే ఏమిటో అందరికీ తెలుసు. మహిళా ఉద్యోగులను భర్త ఉన్న చోటికో తల్లిదండ్రులున్న చోటికో వీలైనంత దగ్గరగా వెయ్యమని కేంద్ర ఆర్థిక శాఖ 2014లోనే బ్యాంకులకు చెప్పింది. ‘వీలైనంత’ అనే మాటలో చాలా కిలోమీటర్లు పడతాయి.

‘ఎక్కడికి వేసినా వెళ్తారా?’ అనేది అడగకుండా ఉండరు. అందరూ ఇచ్చే సలహా ఒకటే: వెళ్తానని చెప్పెయ్. మా అత్తయ్య కూడా, ‘వెళ్తానని చెప్పమ్మా, వచ్చాక చూసుకుందాం, ఎవరో ఒకర్ని పట్టుకుందాం’ అన్నారు. మొదటిసారి నేను అలాగే చెప్పాను. చెప్పడానికి ముందు ఒక క్షణం ఆగాను, ఆ ఆగడం ముగ్గురూ చూశారు. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు ఇంట్లో తయారవ్వాలి, పుస్తకంలో దొరకదు.

మాకు అది మూడు వారాలు పట్టింది. నేను లెక్క రాశాను: పెరిగే జీతం, అక్కడ అద్దె, నెలకు రెండుసార్లు రైలు ఖర్చు. మా ఆయన ఉద్యోగం ప్రైవేటు, మానేసి వస్తే మళ్లీ దొరకడం కష్టం. ఆయన మొదట ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం మా ఇంట్లో కాదనడం కిందే లెక్క. ఒక రాత్రి నేనే గట్టిగా అడిగాను, ఆయనా గట్టిగానే చెప్పారు, అత్తయ్య లేచి లైటు వేశారు. ‘మూడో తరగతి పిల్ల, దాన్ని నేను చూసుకోలేనా? నిన్ను పెంచలేదా?’ అని కొడుకునే అడిగారు. అలా తేలింది. రెండో ఇంటర్వ్యూలో నేను ఇచ్చిన జవాబు: ‘వెళ్తాను సార్. రెండేళ్లు పాప మా అత్తగారి దగ్గర ఉంటుంది. తర్వాత కూడా దూరమే అయితే పాపను నా దగ్గరికి తెచ్చుకుంటాను, అప్పుడు స్కూలున్న ఊరు అడుగుతాను.’ అడుగుతాను అన్నందుకు మార్కులు పోయాయో వచ్చాయో తెలియదు. కానీ ఆగకుండా చెప్పాను.

ఇదంతా చదివి, ‘అమాయకురాలివి, లిస్టు ముందే తయారైపోయి ఉంటుంది’ అనేవాళ్లుంటారు. నేనూ అన్నాను, 2022లో, నెలరోజుల పాటు. పూర్తిగా అబద్ధమని ఇప్పుడూ అనను. పది నిమిషాల మాటలకు ముగ్గురు మనుషులు వేసే మార్కుల్లో ఇష్టాయిష్టాలు దూరడం కొత్త సంగతేమీ కాదు. 1980లో తీర్పు వచ్చిన అజయ్ హాసియా కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది ఇదే. ఒక ఇంజినీరింగ్ కాలేజీ సీట్లకు రెండు మూడు నిమిషాల ఇంటర్వ్యూ పెట్టి, మూడోవంతు మార్కులు దానికే ఇచ్చారు. మౌఖిక పరీక్షకు 15 శాతం మించితే సమంజసం కాదని కోర్టు అంది. అది కాలేజీ సీట్ల సంగతి, మా ప్రమోషన్లది వేరే లెక్క. అయినా కోర్టు అనుమానం సరైనదేనని నాకు అనిపిస్తుంది. మా రీజినల్ ఆఫీసులో తిరిగేవాళ్లకు ప్యానెల్‌లో ముఖాలు తెలుసు, పల్లె బ్రాంచ్ వాళ్లకు తెలియదు. ఆ తేడా నా నోట్‌బుక్ తీర్చలేదు.

ఇంకొకటి కూడా తీర్చలేదు. ‘ఈ ఏడాది ఇన్సూరెన్స్ పాలసీలు ఎన్ని చేశారు?’ అని అడిగారు. నాలుగు. పక్క బ్రాంచ్‌లో ఒకతను నలభై దాటించాడు. పంట రుణం కోసం వచ్చిన రైతుకు, అది లేకపోతే లోను రాదన్నట్టు పాలసీ అంటగట్టడం నాకు చేతకాలేదు, చేతకావాలని కూడా లేదు. ‘అవసరం ఉందని అడిగినవాళ్లకే ఇచ్చాను సార్’ అన్నాను. మధ్యలో ఉన్నాయన కాగితం మీద ఏదో రాసుకున్నారు. అది నాకు అనుకూలంగా రాసిందని అనుకునేంత అమాయకురాలిని కాదు. కానీ చేసిన పనికి ‘నేను’ అన్నప్పుడు, చెయ్యని పనికీ నేనే అనాలి కదా.

ఆ మే నెలలో లిస్టు వచ్చింది, పేరు ఉంది. పోస్టింగ్ సోలాపూర్. మ్యాప్ చూసి మా ఆయన, ‘వీలైనంత దగ్గరే’ అన్నారు.

వచ్చాక తెలిసింది, ఇక్కడ తరాల క్రితం తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. మగ్గాలు, తువ్వాళ్లు, దుప్పట్లు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం వచ్చిన ఒక పెద్దావిడ నా మెడలో ఐడీ కార్డు మీద పేరు చూసి, సగం మరాఠీ కలిసిన తెలుగులో, ‘మీ దిక్కు ఏ ఊరమ్మా’ అని అడిగింది. వేలిముద్ర మెషీన్ ఆవిడ వేలు పట్టడం లేదు. తెలుగులో మాట్లాడుతూ నాలుగో వేలికి పట్టించాం.

ఇక్కడ కొత్త నోట్‌బుక్ మొదలుపెట్టాను. మొదటి పేజీ చేరిన వారం నాటిది. ఆ రోజు క్యాష్ టాలీ కాలేదు, తొమ్మిది వందలు తేడా. కొత్త ఆఫీసర్‌ని, చెమటలు పట్టాయి, వోచర్లన్నీ రెండుసార్లు చూశాను. దొరకలేదు. చివరికి సబ్‌స్టాఫ్ ఆవిడ వచ్చి, మధ్యాహ్నం ఒక వోచర్ ప్రింటర్ వెనక పడటం చూశానని తీసిచ్చింది. రాత్రి ఇంటికొచ్చి అలవాటుగా ‘టాలీ అయింది’ అని రాసి, కొట్టేసి, ఆవిడ పేరు రాశాను. మర్నాడు మేనేజర్‌కి కూడా ఆ పేరే చెప్పాను.